ఇది చదువా, నౌకరా?

ప్రశ్న: నమస్తే మేడం. మాది జగిత్యాల జిల్లాల కోరుట్ల దగ్గర ఊరు. కాకతీయ యూనివర్సిటీల ఎంఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్న. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. డిగ్రీల ఉన్నప్పుడు చంద్రయాన్-3 దిగుడు టీవీల చూసిన. అప్పటి నుంచి ఆస్ట్రోఫిజిక్స్‌ల పీహెచ్‌డీ చేయాలని ఉన్నది. మా బాపు పదకొండేండ్లు దుబాయ్‌ల చేసి వచ్చిండు, ఇప్పుడు రెండెకరాలల్ల పసుపు, మక్క వేస్తున్నడు. అమ్మ బీడీలు చేస్తది. నేను పీహెచ్‌డీ అంటే బాపు ఒక్కటే అడుగుతడు: "ఇది చదువా, నౌకరా? ఇస్రోల తీసుకుంటరా?" నాకు జవాబు తెల్వదు. ఇంట్ల బీఈడీ చేసి గురుకులం పోస్టు కొట్టుమంటున్నరు. సంబంధాలు కూడా చూస్తున్నరు. ఇంకో ముచ్చట, దగ్గర్లనే ఒక సార్ తన కింద మెటీరియల్ సైన్స్‌ల పీహెచ్‌డీ చేయమంటున్నరు. "ముందు చేరు, తర్వాత స్పేస్ దిక్కు మళ్లొచ్చు" అన్నరు. చేరాల్నా? ఇంగ్లీష్‌ల మాట్లాడాలంటే చెమటలు పడతయి. అసలు నేను దీనికి పనికొస్తనా? పేరు వేయకుండ్రి.

సమాధానం:

'మీరు' అంటూ జవాబు మొదలుపెట్టి, రెండు వాక్యాలు రాసి కొట్టేశాను. మా అక్క బిడ్డది నీ వయసే. నువ్వు అనే రాస్తాను, ఏమనుకోకు బిడ్డా.

నీ ఉత్తరంలో ఉన్న ప్రశ్నలన్నింట్లోకీ మీ బాపు అడిగిందే గట్టిది. 'పనికొస్తనా' అన్నదానికి హనుమకొండలో కూర్చుని నేను తీర్పు చెప్పలేను. అది నువ్వే తేల్చుకోవాలి, ఎట్లాగో కింద చెప్తాను. 'చదువా, నౌకరా' అన్నదానికి మాత్రం సూటి జవాబు ఉంది. మొదటి ఏడాది చదువు. క్లాసులు, అసైన్‌మెంట్లు, పరీక్షలు, అన్నీ మామూలే. ఆ తర్వాత నాలుగైదేళ్లు నౌకరే. పొద్దున పోవాలి, పని చేయాలి, పైవాళ్లకు లెక్క చెప్పాలి, నెలకింత అని చేతికొస్తుంది. కాకపోతే పర్మనెంటు కాదు, గడువుంటుంది. దుబాయ్‌లో పదకొండేళ్లు చేసొచ్చిన మనిషికి కాంట్రాక్టు అంటే ఏమిటో నువ్వు విడమరచి చెప్పక్కర్లేదు.

డబ్బు సంగతి కూడా ఆయనకు అంకెల్లోనే చెప్పు. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రేట్లు ఇవి. హాస్టల్ ఇవ్వకపోతే ఇంటి అద్దె భత్యం వేరే. గల్ఫ్‌కు పోవాలంటే ఏజెంటుకు ముందు మనం కట్టాలి, ఇక్కడ వాళ్లే మనకిస్తారు. పీహెచ్‌డీ సీటు ఇప్పిస్తానని ఎవరన్నా డబ్బు అడిగితే ఆయన కూడా ఆ ఏజెంట్ల బాపతే అనుకుని లేచి వచ్చెయ్.

ఇందులో ఒక మెలిక ఉంది. నెట్ పాసైన వాళ్లందరికీ జేఆర్ఎఫ్ రాదు. ఇప్పుడు ఫలితాలు మూడు మెట్లుగా ఇస్తున్నారు. పైమెట్టుకు జేఆర్ఎఫ్, దాని కింద అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, ఆ కింద పీహెచ్‌డీలో చేరడానికి మాత్రమే పనికొచ్చే అర్హత. 'నెట్ వచ్చింది' అని వాడకట్టంతా స్వీట్లు పంచే ముందు ఏ మెట్టు మీదున్నావో చూసుకో. ఫెలోషిప్ ఒకటో తారీఖున టంచనుగా పడుతుందని కూడా ఇంట్లో మాటివ్వకు. కొన్ని చోట్ల రెండు మూడు నెలలు ఆగి ఒక్కసారే వస్తుంది. చేరే రోజున మూడు నెలల మెస్ బిల్లుకు సరిపడా చేతిలో ఉంచుకుని చేరు.

ఇస్రో సంగతి. టీవీలో చప్పట్లు కొడుతూ కనిపించిన వాళ్లలో ఎక్కువమంది ఇంజనీర్లు. రాకెట్టు, ఇంజను, ఎలక్ట్రానిక్స్, దాన్ని దించే లెక్కలు వాళ్ల పని. ఇస్రో ఎక్కువగా తీసుకునేది కూడా బీటెక్ వాళ్లనే. నువ్వు అనుకుంటున్న ఆస్ట్రోఫిజిక్స్, అంటే నక్షత్రాల భౌతికశాస్త్రం, ఆ ఉపగ్రహం పైకి పోయాక మొదలయ్యే పని. 2015లో పోయిన ఆస్ట్రోశాట్ కావచ్చు, సూర్యుణ్ణి చూడటానికి 2023 సెప్టెంబర్‌లో పోయిన ఆదిత్య-ఎల్1 కావచ్చు, అవి పంపిన అంకెలు ముందేసుకుని ఇందులో నిజమెంత, చెత్త ఎంత అని ఏరేవాళ్లు వేరే. అహ్మదాబాద్ పీఆర్ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ), తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణం పై పొరలను రాడార్‌తో చూసే ఎన్ఏఆర్ఎల్, ఈ రెండూ ఇస్రో ఉన్న అంతరిక్ష శాఖ కిందివే, పీహెచ్‌డీకి తీసుకుంటాయి. బెంగళూరులో ఐఐఏ, రామన్ ఇన్‌స్టిట్యూట్, పుణెలో ఐయూకా, ఎన్‌సీఆర్‌ఏ, నైనితాల్‌లో ఏరీస్, ఇవి కూడా ఆకాశం మీద పరిశోధన చేసే సంస్థలే కానీ వీటిని నడిపే శాఖలు వేరు. కాబట్టి మీ బాపుకు "ఇస్రోల కాదు, ఇస్రో తెచ్చిన సమాచారం మీద పని" అని చెప్పు. అబద్ధం చెప్పి తర్వాత నాలిక కరుచుకునే కన్నా ఇది నయం.

మనకు దగ్గర్లో ఏమీ లేదనుకోకు. హైదరాబాద్‌లో 1901లో నవాబ్ జఫర్ జంగ్ పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత ఉస్మానియా చేతికి వచ్చింది. ఉస్మానియా వాళ్లకు జాపాల-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు ఉండేది, 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే చూశారు. ఐఐటీ హైదరాబాద్ వాళ్లు పల్సార్ల మీద, అంటే గడియారంలా క్రమం తప్పకుండా రేడియో మిణుకులు పంపే నక్షత్రాల మీద, పనిచేసే దేశీయ బృందంలో ఉన్నారు. అత్యంత నెమ్మదిగా ఊగే గురుత్వ తరంగాల (స్థలకాలంలో లేచే అలల) జాడ దొరికిందని 2023 జూన్‌లో ప్రపంచమంతా ఒకేసారి ప్రకటించినప్పుడు అందులో ఆ బృందం వాటా కూడా ఉంది. ఇక మీ ఊరి నుంచి నిజామాబాద్ మీదుగా నాందేడ్ దాటితే హింగోలి జిల్లా, ఔంఢా నాగనాథ్. మనవాళ్లు జ్యోతిర్లింగం దర్శనానికి పోయే ఊరే. అక్కడే ఆ గురుత్వ తరంగాలను పట్టే యంత్రం, లైగో-ఇండియా, కట్టడానికి 2023లో కేంద్రం ఒప్పుకుంది, ఒక్కో చేయి నాలుగు కిలోమీటర్ల పొడవు. అది పని మొదలుపెట్టేనాటికి నీ వయసువాళ్లే అందులో ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఆకాశం అంటే ఇష్టం ఉన్నవాళ్లంతా ఈ పనిని ఇష్టపడరు. ఇది నేను చాలామందిలో చూశాను, వాళ్లలో నా స్నేహితురాళ్లూ ఉన్నారు. పని ఆకాశం కింద జరగదు. లద్దాఖ్‌లో హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున రెండు మీటర్ల టెలిస్కోపు ఉంది. దాన్ని నడిపేవాళ్లు బెంగళూరు పక్కన హోస్కోటెలో స్క్రీన్ల ముందు కూర్చుని ఉపగ్రహ లింకుతో తిప్పుతారు. పుణె దగ్గర జీఎంఆర్‌టీలో 45 మీటర్ల వెడల్పున్న డిష్‌లు 30 ఉన్నాయి. అవి వినేది రేడియో తరంగాలను. కంటితో చూడటానికి అందులో ఏమీ ఉండదు, పట్టపగలు మబ్బుల్లో కూడా పని జరుగుతూనే ఉంటుంది. వచ్చేది అంకెల కుప్ప. నిజామియా కాలంలోనూ అంతే. ప్రపంచ అబ్జర్వేటరీలు ఆకాశాన్ని వాటాలుగా పంచుకుని నక్షత్రాల జాబితా తయారుచేసినప్పుడు హైదరాబాద్ వాటాకు దక్షిణాన ఒక పట్టీ వచ్చింది. గాజు ప్లేట్ల మీద ఏడు లక్షల పైచిలుకు నక్షత్రాల స్థానాలను ఒక్కొక్కటిగా కొలిచి రాసుకున్నారు. మీ అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మళ్లీ ఆకు అందుకోవడం నువ్వు రోజూ చూసిందే. ఈ పనిలో సగం అట్లాంటిదే. చేసినవాటిల్లో నాసిరకం అని తీసి పక్కన పడేసే మనిషి కూడా ఉంటాడు, మా దగ్గర, అచ్చుకు పంపిన పేపర్‌ను పరీక్షించే ఆయన్ని రెఫరీ అంటారు. పేరు చెప్పడు, తీసేయడం మాత్రం తీసేస్తాడు.

నా సంగతి ఒకటి చెప్తాను, నవ్వుకో. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఒక ఎర్రటి నక్షత్రాన్ని వెంట పడి చూస్తున్నాను. పక్కనే ఇంకో నక్షత్రాన్ని పెట్టుకుని, దానితో పోలిస్తే ఇది ఎంత వెలుగుతోంది అని రాత్రి రాత్రి కొలవడం. రెండు నెలల కొలతలు కంప్యూటర్‌కు ఇస్తే, వెలుగు క్రమం తప్పకుండా పెరిగి తగ్గుతోందని తేలింది. చక్కటి అల. ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే హాస్టల్‌లో జిలేబీ పంచాను. మా గైడ్ గ్రాఫును చూసి "పీరియడ్ ఎంత?" అన్నారు, అంటే ఒకసారి పెరిగి తగ్గడానికి ఎంతసేపు అని. "ఇరవై మూడు గంటల యాభై ఆరు నిమిషాలు" అన్నాను గర్వంగా. ఆయన ఏమీ అనలేదు. ఇంకో జిలేబీ తీసుకుని, "భూమి ఒక చుట్టు తిరగడానికి ఎంత పడుతుంది?" అని అడిగారు.

నక్షత్రాలతో పోలిస్తే భూమి ఒక చుట్టు తిరిగేది సరిగ్గా ఆ 23 గంటల 56 నిమిషాల్లోనే. అందుకే ఏ నక్షత్రమైనా నిన్నటి కంటే నాలుగు నిమిషాలు ముందు ఉదయిస్తుంది. నేను కనిపెట్టింది నక్షత్రాన్ని కాదు, భూమిని. జరిగింది ఏమిటంటే, నా నక్షత్రం ఎరుపు, పోలికకు పెట్టుకున్నది నీలం. నక్షత్రం ఆకాశంలో కిందికి దిగినకొద్దీ దాని వెలుగు ఎక్కువ గాలిలోంచి రావాలి. గాలి ఎరుపు కంటే నీలాన్ని ఎక్కువ తింటుంది. దాంతో ఎర్రది పెరిగినట్టూ నీలంది తగ్గినట్టూ కనిపించి, రోజూ ఒకే ఆట ఆడింది. దాన్ని సరిచేయడానికి, అంటే రంగు సరిపోయే వేరే పోలిక నక్షత్రాన్ని వెతికి, మొత్తం లెక్క మళ్లీ వేయడానికి నాలుగు నెలలు పట్టింది. చివరికి నా నక్షత్రం అసలు మారడం లేదని తేలింది. థీసిస్‌లో ఆ నాలుగు నెలలకు దక్కింది ఒక వాక్యం.

ఇది చదివి నీకు "అయ్యో, నాలుగు నెలలు పోయాయి" అనిపిస్తే ఒక రకం. "మరి ఎర్ర నక్షత్రానికి ఎర్రదాన్నే పోలిక పెట్టుకుంటే సరిపోయేదా?" అనిపిస్తే ఇంకో రకం. రెండో రకం వాళ్లు ఈ పనిలో ఉండగలుగుతారు. మొదటి రకం వాళ్లు తక్కువవాళ్లేం కాదు, వాళ్లకు ఇంతకంటే సుఖమైన పనులు చాలా ఉన్నాయి.

నువ్వు ఏ రకమో తెలుసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక్క రూపాయి ఖర్చు లేదు. నాసా 2018లో పంపిన టెస్ అనే టెలిస్కోపు ఆకాశాన్ని ముక్కలు చేసుకుని ఒక్కో ముక్కను 27 రోజులు కళ్లార్పకుండా చూస్తుంది. ఆ కొలతలు అందరికీ ఉచితం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, వాటిని చదవడానికి లైట్‌కర్వ్ అనే ప్యాకేజీ ఉంది. ల్యాప్‌టాప్ లేకపోయినా డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపించే గూగుల్ కొలాబ్ తెరిచి నడిపించుకోవచ్చు. వాస్ప్-18 అనే నక్షత్రం డేటా దించు. అది మనకు దాదాపు 400 కాంతి సంవత్సరాల దూరం. దాని చుట్టూ గురుగ్రహానికి పదిరెట్ల బరువున్న గ్రహం ఒకటి 22 గంటల 36 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. మన భూమికి ఒక చుట్టుకు ఏడాది పడితే, దానికి ఒక రోజు కూడా పట్టదు. ఆ గ్రహం నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడల్లా వెలుగు నూటికి ఒక వంతు తగ్గుతుంది.

గ్రాఫు గీస్తే మొదట నీకు కనిపించేది మధ్యలో ఒక రోజు పైబడి ఖాళీ. 'నేనేదో తప్పు చేశాను' అని కంగారు పడతావు, అందరం పడ్డాం. ఆ టెలిస్కోపు 13.7 రోజులకోసారి భూమికి దగ్గరగా వచ్చి, చూడటం ఆపి, అప్పటిదాకా కూడబెట్టింది కిందికి పంపుతుంది. ఖాళీ అదే. ఇట్లా ప్రతి గుంటకూ కారణం అడగడం నేర్చుకోవడమే సగం శిక్షణ.

తర్వాత ఆ గ్రాఫును మడతపెట్టాలి. చీర మడత పెట్టేటప్పుడు చూడు, అంచు మీద ఒకే ఎడంలో పూలున్నాయనుకో. సరిగ్గా ఆ ఎడానికి మడతపెడితే పువ్వు మీద పువ్వు కూర్చుంటుంది. ఇంచు తేడా వచ్చినా నాలుగో మడతకు పూలన్నీ చెదిరిపోతాయి. ఇక్కడా అంతే. 22 గంటల 36 నిమిషాలకు మడతపెడితే 27 రోజుల గుంటలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒక్క నున్నటి పళ్లెంలా కనిపిస్తాయి. కావాలని ఆరు నిమిషాలు తగ్గించి 22 గంటల 30 నిమిషాలకు మడతపెట్టి చూడు. చుట్టుకు ఆరు నిమిషాల తప్పు, ఇరవై ఎనిమిది చుట్లకు మూడు గంటలకు దగ్గర పడుతుంది. గ్రహం నక్షత్రం ముందు నుంచి దాటడానికి పట్టేదే రెండు గంటల చిల్లర. పళ్లెం కాస్తా చెదిరి పేలాలు చల్లినట్టు అయిపోతుంది. ఇప్పుడు నీకు పీరియడ్ తెలియదనుకుని, నీ అంతట నువ్వే వెతుకు. ఎన్ని రాత్రులు పట్టినా ఎవరినీ అడగకు. పీరియడ్ దొరికాక ఆ గుంట లోతును బట్టి గ్రహం సైజు లెక్కకట్టు, దానికి ఎంఎస్సీ ఫిజిక్స్ కూడా అక్కర్లేదు.

రెండు నెలలు ఇట్లా కూర్చో. కూర్చోగలిగావా, కూర్చోబుద్ధయిందా అన్నది నాకు రాయి. మార్కులు, ఇంటర్వ్యూలు, మా మాటలు, వీటన్నిటికంటే అది నమ్మకమైన ఆనవాలు. డేటా తెరిచిన మూడో రోజే విసుగొస్తే గురుకులం పోస్టు గౌరవమైన ఉద్యోగం, వెనకడుగు కాదు. బీఈడీ కూడా ఎటూ పోదు, ఏ ఏడాదైనా చేయొచ్చు.

ఈ రెండు నెలలూ పరీక్షల చదువు ఆపకు. జెస్ట్, గేట్, నెట్ ఈ మూడు ప్రవేశ, అర్హత పరీక్షల్లో నక్షత్రాల గురించి అడిగేది బహు తక్కువ. క్లాసికల్ మెకానిక్స్, క్వాంటం, విద్యుదయస్కాంతత్వం, స్టాటిస్టికల్ మెకానిక్స్, గణిత పద్ధతులు. అంటే నీ ఎంఎస్సీ సిలబస్సే, లోతుగా. యూట్యూబ్‌లో బ్లాక్‌హోల్ వీడియోలు చూడటాన్ని చదువు లెక్కలో వేసుకోకు. ఐఐఏ, రామన్ ఇన్‌స్టిట్యూట్, ఏరీస్ లాంటివి జెస్ట్ మార్కులు చూసి ఇంటర్వ్యూకు పిలుస్తాయి. ఒక్కో సంస్థ పద్ధతి ఒక్కోటి, నోటిఫికేషన్ నువ్వే పూర్తిగా చదువు, సీనియర్ చెప్పింది నమ్మి తేదీ పోగొట్టుకోకు. ఇంట్లో చెప్పడానికి ఇంకో మాట కూడా ఉంది: పీహెచ్‌డీ సీటు రాకపోయినా నెట్‌లో రెండో మెట్టు దాకా వస్తే డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టుకు అర్హత దక్కుతుంది. చదివింది ఊరికే పోదు.

దగ్గర్లో ఉన్న ఆ సార్ సంగతి. మెటీరియల్ సైన్స్ చెడ్డది కాదు. ఆ మాటకొస్తే ఉద్యోగాలు దాంట్లోనే ఎక్కువ. నాకు నచ్చనిది 'ముందు చేరు, తర్వాత మళ్లొచ్చు' అన్న మాట. మళ్లరు బిడ్డా. ఆయన ప్రాజెక్టు, ఆయన ఫర్నేసు, ఆయన ఎక్స్‌రే మెషిను, నీకు ఇచ్చే టాపిక్ వాటి చుట్టే ఉంటుంది, ఉండాలి కూడా. మూడో ఏడాదిలో 'సార్, నేను నక్షత్రాల మీద చేస్తాను' అంటే ఆయనకు కోపం రావడంలో తప్పు లేదు. ఆ పని మీద మనసుంటే చేరు. బస్ స్టాండులో వేరే బస్సు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నట్టు అయితే వద్దు. ఆ బెంచీ మీదే ఐదేళ్లు గడిచిపోతాయి.

ఎక్కడ చేరినా సరే, టాపిక్ కంటే ముందు గైడ్‌ను చూడు. ఈ మాట నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. పైన జిలేబీ తిన్న ఆయన నా రెండో గైడ్. మొదటి గైడ్ దగ్గర ఏడాది ఉన్నాను. పేరున్న మనిషి, టాపిక్ బ్రహ్మాండం. ఆయన గదిలోకి పోవాలంటే రెండు వారాలు ఎదురుచూడాలి, పోయాక మాట్లాడేది ఐదు నిమిషాలు, అందులో మూడు ఫోను మీద. నేను గీసిన గ్రాఫు ఒకటి వేరేవాళ్ల పేరుతో ఒక మీటింగులో కనిపించింది. అడిగితే "నీదీ నాదీ ఏముంది, గ్రూపు పని" అన్నారు. గైడ్‌ను మార్చుకున్నాను, ఆ ఏడాది పోయింది, కొందరు మాట్లాడటం మానేశారు. అయినా మార్చుకున్నందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు.

కాబట్టి చేరే ముందు గైడ్‌తో మాట్లాడిన దానికి రెండింతలు ఆయన దగ్గర చేస్తున్న పిల్లలతో మాట్లాడు. ఆఫీసు గదిలో కాదు, క్యాంటీన్‌లో. ఈ సార్ దగ్గర చివరి ముగ్గురికి పీహెచ్‌డీ రావడానికి ఎన్నేళ్లు పట్టింది? మొదటి పేపర్ ఎన్నో ఏడాదిలో వచ్చింది, అందులో మొదటి పేరు ఎవరిది? మధ్యలో వదిలేసి పోయినవాళ్లున్నారా, ఎందుకు? ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారు, సాయంత్రం ఏడు తర్వాత ల్యాబ్‌లో ఉండాల్సి వస్తే హాస్టల్‌కు ఎట్లా పోతారు? ఈ చివరి ప్రశ్నకు నీళ్లు నమిలారంటే ఆ చోటు గురించి నీకు చాలా తెలిసినట్టే. అన్నీ అడిగినా మొహమాటపడి ఒకటి మాత్రం వదిలేస్తారు: "మళ్లీ చేరాల్సి వస్తే ఈయన దగ్గరే చేరతావా?" అది తప్పకుండా అడుగు. జవాబు కంటే, చెప్పే ముందు ఎంతసేపు ఆగారో చూడు.

పీహెచ్‌డీ తర్వాత ఏమిటని మీ బాపు తప్పకుండా అడుగుతాడు. దాచకు. వెంటనే ప్రొఫెసర్ ఉద్యోగం రాదు. పోస్ట్‌డాక్ అనే, పీహెచ్‌డీ తర్వాతి రెండు మూడేళ్ల పరిశోధన కాంట్రాక్టులు ఒకటో రెండో చేయాలి, అవి చాలావరకు బయటి దేశాల్లో. ఆ తర్వాత కూడా పర్మనెంటు పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. నాతో చేరినవాళ్లలో సగానికి పైగా ఇప్పుడు హైదరాబాద్‌లో, బెంగళూరులో డేటా ఉద్యోగాల్లో ఉన్నారు. సుఖంగానే ఉన్నారు, నా కంటే జీతం ఎక్కువ.

ఇంగ్లీష్ గురించి ఎక్కువ రాయను, అది నువ్వనుకున్నంత పెద్ద గోడ కాదు. నేనూ తెలుగు మీడియమే. నా ఇంటర్వ్యూలో "సూర్యుడి బరువు ఎట్లా కనుక్కుంటావు?" అని అడిగారు. నోట మాట రాలేదు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద గుండ్రం గీసి, మధ్యలో సూర్యుడు, పక్కన భూమి, దూరం 15 కోట్ల కిలోమీటర్లు, చుట్టుకు ఒక ఏడాది అని రాసి, రెండు బలాలను సమానం చేశాను. రెండు పక్కన ముప్పై సున్నాల కిలోలు అని తేలింది. నేను మాట్లాడింది మొత్తం కలిపి పది ఇంగ్లీష్ మాటలుంటే ఎక్కువ. తెలియనిదానికి 'తెలియదు' అని ఒక్కమాటలో చెప్పు, కథ అల్లకు. ఇంటికి పోయి రోజూ ఒక పేపర్ సారాంశం చదివి, నీకు అర్థమైంది నాలుగు ఇంగ్లీష్ వాక్యాల్లో రాసుకో. పేపర్లు ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. తప్పులు పోతే పోయాయి.

సంబంధాల సంగతి నేను తీర్చేది కాదు. ఇంట్లో 'ఇప్పుడే వద్దు' అనకు, దానికి గడువు లేదు కాబట్టి ఎవరూ వినరు. 'వచ్చే జూన్ దాకా ఆగండి, పరీక్షల ఫలితాలు చూసి మాట్లాడుకుందాం' అని తారీఖు పెట్టి అడుగు. తారీఖు పెడితే వినే తండ్రిలాగే ఉన్నాడు మీ బాపు.

ఈ నెలలో ఊరికి పోతావుగా, ఒక పని చేయి, ఇంట్లో వాళ్లతో కలిసి. హనుమకొండలో వీధి దీపాల కింద ఏమీ కనపడదు, మీ ఊరి డాబా నయం. వెన్నెల రోజులు మాత్రం వద్దు. మేడారం జాతరకు మాఘ పున్నమికి పోయి అడవిలో నక్షత్రాలు చూద్దామనుకుని మోసపోయిన దాన్ని నేను. డిసెంబర్ మొదట్లో రాత్రి తొమ్మిదింటికి పిల్లలకోడి చుక్కలు నడినెత్తికి ఎక్కుతూ ఉంటాయి. మీ అమ్మకు తెలిసే ఉంటుంది, అడుగు. వాటి నుంచి ఉత్తరం వైపు కొంచెం పడమటికి జరిగితే ఆల్గాల్ అనే నక్షత్రం. దాని పక్కనే ఇంకా పడమటికి ఆల్మాక్. ఫోనులో ఏదైనా స్కై మ్యాప్ యాప్‌తో రెండూ పోల్చుకో. మామూలు రోజుల్లో రెండూ ఇంచుమించు సమానంగా వెలుగుతాయి. కానీ 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి ఆల్గాల్ వెలుగు మూడో వంతుకు పడిపోయి, పది గంటల్లో మళ్లీ మామూలైపోతుంది. అది ఒక నక్షత్రం కాదు, ఒకదానికొకటి అడ్డం వచ్చే జంట. రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్లు ఏళ్ల తరబడి చూసినవాటిలో ఇట్లాంటి జంటలు చాలా ఉన్నాయి. ఆల్గాల్ పీరియడ్‌ను 1783లో కొలిచి, ఏదో అడ్డం వస్తోందేమో అని మొదట రాసినవాడు జాన్ గుడ్‌రిక్, ఇంగ్లండ్ కుర్రాడు. పద్దెనిమిదేళ్లు, చెవులు వినపడవు. ఉత్త కళ్లతో చూశాడు.

ఒక నోటుబుక్కులో గీతలు కొట్టుకో: తేదీ, టైము, ఆల్మాక్ కంటే ఎక్కువా తక్కువా సమానమా. గంటకోసారి పైకెక్కి చూడు. ఒకసారి తగ్గినప్పుడు పట్టుకున్నావంటే, మళ్లీ మూడు రోజులకు, మూడు గంటలు ముందుగా కాచుకుని ఉండొచ్చు. చలిలో ఒక్కదానివే ఎందుకు, బాపును కూడా కూర్చోబెట్టుకో. ఎడారి ఆకాశం కింద పదకొండేళ్లు ఉన్న మనిషి, నీకు తెలియని చుక్కలు ఆయనకు తెలిసి ఉండొచ్చు. మబ్బు పట్టిన రాత్రి గడి ఖాళీగా వదిలేయకు. 'మబ్బు' అని రాసి తేదీ వెయ్యి.